వంపు తిరిగిన వ్యాన్ గోడకి ప్లై కోయాలంటే టేపు పక్కన పెట్టి అట్ట తీయండి

ముందు మీ సమస్యని నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకోండి. పాత టెంపో ట్రావెలర్ డెలివరీ వ్యాన్ కొని క్యాంపర్‌గా మారుస్తున్నారు. మంచానికీ వంట గట్టుకీ మధ్య 12 మి.మీ. ప్లైతో అడ్డగోడ పెట్టాలనుకున్నారు. నేల మధ్య నుంచి గోడ దాకా, పది సెంటీమీటర్ల ఎత్తుకోసారి టేపు పెట్టి కొలిచి, ఆ అంకెలు ప్లై మీద చుక్కలుగా పెట్టి, చుక్కలు కలిపి కోశారు. తీరా నిలబెడితే మూడు చోట్ల వేలు దూరేంత సందు వచ్చింది, రెండు చోట్ల రేకుకి గుద్దుకుంటోంది. అలా రెండు షీట్లు పోయాయి. మూడోది కోసే ముందు లేజర్ మీటర్ కొనాలా అని అడిగారు. పక్క గోడలకి 4 మి.మీ. ప్లై ఎలా వంచాలనేది రెండో ప్రశ్న.

లేజర్ వద్దు. మీ టేపు తప్పు చెప్పలేదు, మీరూ తప్పు కొలవలేదు. అసలు వంపుని అంకెల్లోకి మార్చడం దగ్గరే తేడా వచ్చింది. 85 సెంటీమీటర్ల దూరం కొలిచేటప్పుడు చెయ్యి ఐదు డిగ్రీలు కిందికి వాలిందనుకోండి. టేపు మీద తేడా 3 మి.మీ.కి కాస్త ఎక్కువే, అంతే. కానీ టేపు కొస గోడని తాకిన చోటు ఏడు సెంటీమీటర్లు కిందికి దిగిపోతుంది. ఇంటి గోడైతే ఏడు సెంటీమీటర్ల కింద కూడా అదే గోడ కాబట్టి పోయేదేమీ లేదు. వ్యాన్‌లో అలా కాదు, ఏడు సెంటీమీటర్లు దిగితే గోడ ఆకారమే వేరు. మీరు 120 సెంటీమీటర్ల ఎత్తు దగ్గర రాసుకున్న అంకె నిజానికి 113 దగ్గరిది. లేజర్ కొన్నా ఈ వాలు పోదు, కాకపోతే తప్పుని మిల్లీమీటర్లలో స్పష్టంగా చూపిస్తుంది.

అందుకే వంపుని కొలవకూడదు. దాన్ని ఉన్నది ఉన్నట్టు అట్ట మీదకి దించుకుని, అట్ట మీద నుంచి ప్లై మీదకి దించాలి. నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, బస్సు బాడీల దగ్గర. అక్కడ మా మేస్త్రీ పైకప్పు వంపు దగ్గర ఎవరైనా టేపు తీస్తే చేతిలోంచి లాక్కునేవాడు. అట్ట మూసని ఆయన ఫర్మా అనేవాడు. ఇక్కడ నేనూ అదే మాట వాడతాను.

అట్ట తీసే ముందు రెండు పనులున్నాయి. మొదటిది, రసమట్టం ఇంట్లో పెట్టేసి రండి. వ్యాన్ నిలబడిన చోటు ఎప్పుడూ సమంగా ఉండదు, ఒక టైరులో గాలి తక్కువున్నా మట్టం మారిపోతుంది. తూకపు గుండు వేలాడదీసినా అంతే. వ్యాన్‌లో ఏది నిటారు అనేది వ్యాన్ నేలే చెప్పాలి. ముందువైపు ఒకచోట, వెనకవైపు ఒకచోట ఎడమ, కుడి పక్కటెముకల (రేకుని లోపల పట్టి ఉంచే నిలువు ఇనప కమ్మీల) మొదళ్ల మధ్య దూరం తీసి, సగానికి గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య దారం కొట్టండి. అది మధ్యగీత. అడ్డగోడ వచ్చే చోట దానికి అడ్డంగా ఇంకో గీత కావాలి. ఇల్లు కట్టేటప్పుడు మూల తీయడానికి తాపీ మేస్త్రీలు వాడే 3-4-5 లెక్కే ఇక్కడా పనికొస్తుంది. మధ్యగీత మీద 80, అడ్డగీత మీద 60, ఏటవాలుగా 100 సెంటీమీటర్లు వస్తే మూల సరిగ్గా 90 డిగ్రీలు.

రెండోది, అడ్డగోడ దేనికి ఆనుతుందో ముందే తేల్చుకోవాలి. ఉత్త రేకుకా, లేక ఇన్సులేషనూ, రీపర్లనే సన్న చెక్క పట్టీలూ, 4 మి.మీ. ప్లై అన్నీ వేశాక వచ్చే లోపలి గోడకా? నా మొదటి వ్యాన్‌లో నేను చేసిన తెలివితక్కువ పని ఇదే. వారం రోజులు కూర్చుని ఉత్త రేకుకి ముచ్చటైన ఫర్మా తీశాను. ఆ తర్వాత గోడలకి ప్లై కొట్టాను. అప్పుడు చూస్తే అడ్డగోడ రెండు వైపులా మూడేసి సెంటీమీటర్లు ఎక్కువ. ‘కోసేస్తే పోలా’ అనిపిస్తుంది. పోదు. గోడ లోపలికి జరిగితే వంపు కూడా మారుతుంది, పాత వంపునే మూడు సెంటీమీటర్లు లోపలికి గీస్తే సరిపోదు. నా సలహా ఏమిటంటే నేల, ఇన్సులేషన్, పక్క గోడలు, పైకప్పు అన్నీ అయ్యాకే అడ్డగోడ ఫర్మా తీయండి.

ఇప్పుడు అడ్డగోడ సంగతి. అడ్డగీత, మధ్యగీత కలిసే చోట నేల నుంచి పైకప్పుకి ఒక రీపరు బిగువుగా నిలబెట్టండి. పెద్ద మూలమట్టంతో నేలకి 90 డిగ్రీలు చూసుకుని, కింద, పైన జిగురు టేపు అంటించండి. నడుము ఎత్తులో దానికి అడ్డంగా ఇంకో రీపరు క్లాంపు చేయండి. అట్టలన్నీ ఈ రెండింటినే పట్టుకుని ఉంటాయి.

అట్ట కోసం డబ్బు పెట్టొద్దు. ఫ్రిజ్ అమ్మే షాపు వెనక అడిగితే పెద్ద డబ్బాలు ఇస్తారు. అట్టలో అలల గీతలు ఎటు పోతున్నాయో చూసుకోండి. గీతల వెంబడి మడత సులువుగా పడుతుంది, గీతలకి అడ్డంగా మడత పడదు, గట్టిగా ఉంటుంది. అడ్డగోడ ఫర్మాకి గట్టిదనం కావాలి కాబట్టి ఒక అట్ట నిలువు గీతలతో, ఇంకొకటి అడ్డ గీతలతో కలిపి అంటించండి. వానాకాలంలో రాత్రంతా వ్యాన్‌లో వదిలేస్తే అట్ట చెమ్మ పీల్చి వాలిపోతుంది, అందుకే మొదలుపెట్టిన రోజే పూర్తి చేయాలి. హాట్ గ్లూ వాడేవాళ్లకి ఇంకో మాట. మన మే నెల మధ్యాహ్నం పైకప్పు రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, ఆ వేడికి గ్లూ మెత్తబడి అట్టలు జారతాయి. మధ్యాహ్నం తీసిన ఫర్మా సాయంత్రానికి ఇంకో వ్యాన్‌ది అయిపోతుంది. పొద్దున్నే చేసుకోండి, లేదా స్టేప్లర్ వాడండి.

ఒకే పెద్ద అట్టతో మొత్తం ఆకారం తీయాలని చూడకండి. ఎడమ గోడకి ఒక ముక్క, కుడి గోడకి ఒకటి, పైకప్పుకి ఒకటి, మూలలకి చెరొకటి. ఏ ముక్కకి ఆ ముక్క తన అంచుకి సరిగ్గా కుదరాలి, కుదిరాక అన్నిటినీ అక్కడికక్కడే రీపర్లకీ ఒకదానికొకటీ స్టేపుల్ చేయాలి. మొత్తం ఒకే అట్ట అయితే ఎడమ పక్క సరిచేయడానికి జరిపినప్పుడు కుడి పక్క పోతుంది.

గోడ ముక్కకి వంపు దించడానికి స్కూల్ కంపాస్ చాలు. అట్టని గోడకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టి, ఎక్కడ సందు ఎక్కువగా ఉందో అక్కడికి కంపాస్ తెరిచి, స్క్రూ బిగించండి. ముల్లు గోడ మీద, పెన్సిల్ అట్ట మీద పెట్టి కింద నుంచి పైకి లాగండి. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. కంపాస్ ముల్లూ పెన్సిల్ మొనా ఎప్పుడూ నేల నుంచి ఒకే ఎత్తులో ఉండాలి. గోడ వాలింది కదా అని కంపాస్‌ని కూడా వంపుతో పాటు తిప్పకూడదు. ఎందుకంటే కోశాక మీరు అట్టని అడ్డంగా గోడ వైపు జరుపుతారు. మూడు సెంటీమీటర్లు జరిపితే అంచు మీద ప్రతి చుక్కా అదే దిక్కులో మూడు సెంటీమీటర్లు జరుగుతుంది. అట్ట జరిగే దిక్కే కంపాస్ దిక్కు కావాలి. కొందరు కంపాస్ బదులు పెద్ద వాషర్ రంధ్రంలో పెన్సిల్ పెట్టి గోడ వెంట దొర్లిస్తారు. వాషర్ ఎప్పుడూ గోడకి లంబంగానే దూరం ఇస్తుంది. నిటారు గోడకి పరవాలేదు, వాలు గోడకి అట్ట జరిపాక సందు కనబడుతుంది.

ఈ పద్ధతి భుజం ఎత్తు దాకా బాగుంటుంది. గోడ పైకప్పుగా తిరిగే మూలలో చేతులెత్తేస్తుంది. అక్కడ గోడ దాదాపు పడుకుని ఉంటుంది కాబట్టి అడ్డంగా పట్టిన కంపాస్ ముల్లు గోడని అందుకోనే అందుకోదు. అక్కడ పడవలు కట్టేవాళ్ల పద్ధతి వాడండి. పడవ లోపల ఒక్క మూల కూడా 90 డిగ్రీలు ఉండదు, అయినా వాళ్లు నీళ్లు కారకుండా అడ్డపలకలు బిగిస్తారు.

పద్ధతి ఇదీ. ఓ అడుగున్నర పొడవున్న పలుచటి చెక్క పుల్ల తీసుకోండి. ఒక కొసని పెన్సిల్‌లా సూదిగా చెక్కండి. ఒక పక్క అంచు నున్నగా ఉంచి, రెండో పక్క రెండేసి అంగుళాలకి ఒక గాటు పెట్టి, గాట్లకి 1, 2, 3 అని నంబర్లు వేయండి. మా దగ్గర దీన్ని గుర్తుపుల్ల అంటాం. అడ్డగోడ వచ్చే చోటే మూల దగ్గర ఓ గట్టి అట్ట రీపరుకి కదలకుండా బిగించండి. ఇప్పుడు పుల్లని ఆ అట్ట మీద పడుకోబెట్టి, సూది కొస వంపు మీద ఒక చోట తాకించండి. పుల్ల నున్నటి అంచు వెంట అట్ట మీద గీత గీయండి, ఏదో ఒక గాటు దగ్గర చిన్న గుర్తు పెట్టి ఆ గాటు నంబరు పక్కన రాయండి. పుల్లని కాస్త జరిపి వంపు మీద ఇంకో చోట తాకించి మళ్లీ గీయండి. వంపు మెత్తగా ఉన్నచోట నాలుగు అంగుళాలకొకటి, గట్టిగా తిరిగిన చోట అంగుళానికొకటి. పుల్ల ఏ కోణంలో పట్టుకున్నా ఒకటే, ఎందుకంటే ఆ కోణం కూడా అట్ట మీద గీతగా ఉండిపోతుంది. మొత్తం అయ్యాక అట్ట మీద నెమలి పింఛంలా గీతలుంటాయి, అసలు వంపు మాత్రం ఎక్కడా ఉండదు. కంగారు పడకండి. అట్టని తీసి ప్లై మీద బిగించి, అదే పుల్లని ప్రతి గీత మీదా పెట్టి, అదే నంబరు గాటుని గుర్తుకి కలిపితే సూది కొస ఎక్కడుంటే అక్కడ వంపు. అక్కడ చుక్క పెట్టండి. చుక్కలన్నీ తాకేలా సన్నటి ప్లాస్టిక్ బీడింగ్ పట్టీని వంచి గీస్తే మూల వచ్చేస్తుంది. ఈ మొత్తంలో ఒక్క అంకె కూడా కొలవలేదు. పుల్ల పొడవెంతో కూడా మనకి అక్కర్లేదు. పని మధ్యలో పుల్ల విరిగితే మాత్రం మొదటి నుంచి చేయాల్సిందే, దాన్ని ఎవరూ తొక్కకుండా చూసుకోండి.

అట్ట నుంచి నేరుగా 12 మి.మీ. ప్లైకి వెళ్లొద్దు. మధ్యలో 3 మి.మీ. ఎండీఎఫ్‌తో (చెక్క పొట్టు నొక్కి చేసిన పలకతో) ఒకటి కోసి వ్యాన్‌లో నిలబెట్టి చూడండి. అది చవక, ఇసక కాగితంతో సరిచేయడం సులువు. అది కుదిరాక ప్లై మీద బిగించి, ప్లైని గీతకి రెండు మిల్లీమీటర్లు బయటగా జిగ్‌సాతో కోసి, బేరింగ్ ఉన్న బిట్ వేసిన ట్రిమ్మర్‌ని (అంచు చెక్కే చేతి మెషీన్‌ని) ఎండీఎఫ్ అంచు వెంట నడిపితే అచ్చం అదే ఆకారం వస్తుంది.

అంచు గోడని తాకేలా కోయకండి. ఎండీఎఫ్ దగ్గరే అన్ని వైపులా 5 మి.మీ. తగ్గించి, ఆ సందులో రబ్బరు బీడింగ్ వేయండి. గుంతల రోడ్డు మీద బాడీ మెలి తిరుగుతుంది. బిగువుగా పెట్టిన చెక్క మొదటి వంద కిలోమీటర్లకే కిర్రుమనడం మొదలుపెడుతుంది, ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకడం కన్నా చిరాకు ఇంకోటి లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, మీ గోడ ఒకే పలకగా లోపలికి వెళ్తుందా? బీరువాని గదిలో పడుకోబెట్టి లేపితే పైకప్పుకి తగులుతుంది చూడండి, అదే ఇబ్బంది ఇక్కడ రెండింతలు. నడుము దగ్గర వెడల్పుగా ఉన్న పలక ఇరుకైన పైభాగం గుండా ఎలా తిప్పినా లేవదు. మధ్యగీత దగ్గర రెండు ముక్కలు చేయండి, అతుకు వెనక ఒక రీపరు కొట్టండి. మీకు నడిచే దారి కూడా కావాలి కాబట్టి ఎలాగూ మధ్యలో ఖాళీ వస్తుంది.

ఎడమ ఫర్మాని తిరగేసి కుడికి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వాడొద్దు. పైకి రెండు పక్కలూ ఒకేలా కనబడతాయి, కానీ తలుపు ఉన్న వైపు ఫ్రేమ్ వేరుగా ఉంటుంది, పాత వ్యాన్ అయితే ఎక్కడో ఒకచోట తగిలి సొట్ట తీయించి ఉంటారు. నేను చేసిన ఒక వ్యాన్‌లో రెండు పక్కలకీ ఎనిమిది మిల్లీమీటర్ల తేడా. ఓనర్‌కి కూడా తెలియదు దానికి యాక్సిడెంట్ అయిందని.

ప్రతి ఫర్మా మీదా మార్కర్‌తో రాయండి: ‘ఎడమ’, ‘పైన’, ‘ఈ ముఖం డ్రైవర్ వైపు’, ‘గీత వదిలి కొయ్యి’. జిగ్‌సా పళ్లు పైకి కోస్తాయి కాబట్టి పైముఖం చిట్లుతుంది, అందుకే ప్లైని వెనక నుంచి కోస్తారు. అంటే ఫర్మా తిరగబడాలి. ఈ తిరగేయడం మర్చిపోయి ఎడమ గోడని కుడికి కోసిన వడ్రంగిని నేనొకణ్ణే కాదులెండి.

ఇక పక్క గోడలు. ఇవి కొంచెం తేలిక, ఎందుకంటే ఇక్కడ ప్లై వంగి గోడకి ఆనుకుంటుంది, అంచులు మాత్రమే సరిచూసుకోవాలి. 8×4 షీటుని నిలబెట్టకండి, పడుకోబెట్టండి. మామూలు షీటులో పైపొర నార పొడవు వైపు ఉంటుంది. నార వెంట ప్లై వంగదు, నారకి అడ్డంగా చుట్టినట్టు వంగుతుంది. వ్యాన్ గోడ వంపు కింద నుంచి పైకి ఉంటుంది కాబట్టి నార బండి పొడవునా ఉండాలి. ఒక షీటు కొనేముందు షాపులోనే ఒక అంచు కాలి కింద పెట్టి వంచి చూడండి. పైన మూల దగ్గర 4 మి.మీ. కూడా మొరాయిస్తే అక్కడికి ఫ్లెక్సీ ప్లై తీసుకోండి, అది ఎటు వంగేదో అడిగి తీసుకోండి, రెండు రకాలూ ఉంటాయి.

గోడ ఫర్మాకి ఒకే పొర అట్ట, అలల గీతలు బండి పొడవునా పెట్టి, చేత్తో ఒత్తుకుంటూ అంటించండి. రీపర్లు కొట్టాక వాటి మీదే ఒత్తి తీయాలి, ఉత్త రేకు మీద కాదు. ఎందుకో లెక్క చూడండి. గోడ కింద నిటారుగా మొదలై పైన 40 డిగ్రీలు లోపలికి తిరిగిందనుకుందాం. రీపరూ ఇన్సులేషనూ కలిపి 25 మి.మీ. మందం. లోపలి చుట్టు బయటి చుట్టు కన్నా దాదాపు 17 మి.మీ. తక్కువ వస్తుంది. రేకు మీద తీసిన ఫర్మాతో కోస్తే షీటు అంత పొడుగైపోయి మధ్యలో పొట్ట తోసుకొస్తుంది.

వెనక తలుపుల దగ్గరా, డ్రైవర్ సీటు వెనకా గోడ రెండు దిక్కుల్లోనూ వంగి ఉంటుంది. అక్కడ అట్ట ఒత్తినప్పుడు ముడత పడితే ప్లై కూడా అక్కడ పడుకోదు, ఎంత స్క్రూ కొట్టినా పగులుతుంది తప్ప ఒంగదు. ఆ భాగానికి నాలుగంగుళాల సన్న పలకలు పక్కపక్కన వేయండి, లేదా రెక్సిన్ చుట్టేసి వదిలేయండి. వీల్ ఆర్చ్ (చక్రం పైన లోపలికి ఉబ్బిన రేకు) గుండ్రానికి కూడా ప్లై కుదర్చాలని కష్టపడకండి. దాని చుట్టూ చదరపు పెట్టె కట్టేస్తే మీద కూర్చోవచ్చు, పక్కన చెప్పులు పెట్టుకోవచ్చు. మా మేనల్లుడు డాలస్‌లో ఫోర్డ్ ట్రాన్సిట్ చేసుకుంటూ ఆర్చ్ చుట్టూ ప్లై అంచు కోయడానికి రెండు శనాదివారాలు పెట్టాడు, చివరికి దాని మీద పెట్టె కట్టి మూసేశాడు. రామ్ ప్రోమాస్టర్ తీసుకున్నవాళ్లకి గోడలు నిటారుగా ఉండటం వల్ల ఈ బాధలు సగమే.

స్క్రూ పొడవు జాగ్రత్త. 18 మి.మీ. రీపరు, 4 మి.మీ. ప్లై కలిపి 22. ముప్పావు అంగుళం స్క్రూ చాలు, అంగుళం వేస్తే రేకు బయట మొటిమ లేస్తుంది. టెయిల్ లైటు వెనక, వైరింగ్ పోయే చోట పలకని అంటించేయకుండా విప్పేలా ఉంచండి. ప్లై ఐఎస్ 710 ముద్ర (నీళ్లకి తట్టుకునే మెరైన్ ప్లైకి వేసేది) ఉన్నది తీసుకోండి, రేకు లోపలి వైపు రాత్రిపూట చెమ్మ పడుతుంది. బరువు కూడా గుర్తుంచుకోండి, 6 మి.మీ. షీటు ఒక్కోటి పదకొండు పన్నెండు కిలోలు, 18 మి.మీ. అయితే 35 దాకా. ఇంకోటి, ఇదంతా మొదలుపెట్టే ముందే ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లి మార్పుకి అనుమతి సంగతి మాట్లాడండి. మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆ విషయమే. మంచం వేసి రోడ్డెక్కాక అడిగితే టెన్షనే.

మీ పాడైన రెండు షీట్లని మాత్రం పారేయకండి. అంచులు తప్పాయి గానీ నడుము బాగానే ఉంది. వీల్ ఆర్చ్ పెట్టె పక్కలూ, సింకు కింద అరా వాటిలోంచే వస్తాయి. ఒకదాన్ని మధ్యలో కోసి వ్యాన్‌లోకి తీసుకెళ్లి, రెండు సగాలూ నిలబడతాయో లేదో, ఎక్కడ పట్టుకుని తిప్పాలో ఒకసారి చూసుకోండి కూడా.